అయ్యాక చెబుదాంలే

జూన్ 3

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. బావున్నానని రాశావు, నేను నమ్మలేదు. బావున్నవాళ్ళు ఒకే ఉత్తరంలో రెండుసార్లు "అన్నం తిన్నాను" అని రాయరు.

ముందు మన బుడంకాయ ఘనకార్యం చెప్పాలి. పిల్లల బడిలో కొత్త ఆయా వచ్చింది. "మీ అమ్మ ఏం చేస్తుందమ్మా?" అని అడిగిందట. నీ కూతురు తల పైకెత్తి ఆకాశం చూపించి, "మా అమ్మ అంత పైన ఉంటుంది, ఆదివారం మాత్రం మాట్లాడుతుంది" అందట. సాయంత్రం నేను తీసుకురావడానికి వెళ్తే ఆ ఆయా నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎలా పోయిందమ్మా మీ కోడలు, పసిదాన్ని వదిలేసి?" అంది. "పోవడమేంటమ్మా, నిక్షేపంలా ఉంది, ఓడరేవులో క్రేను నడుపుతోంది" అన్నాను. అప్పుడు ఇంకా జాలిగా చూసింది! చచ్చిపోయినా నయమే అనుకుందో ఏమో మరి.

మీ ఆయన సంగతి ఏముంది, ఎప్పటిలాగే. కళ్ళద్దాల షాపు పదింటికి తెరుస్తారు, ఈయనగారు తొమ్మిదింటికి లేస్తాడు, పక్కన పిడుగు పడ్డా ఆ నిద్ర చెదరదు. చిన్నప్పటినుంచీ అంతే, పాపం పొద్దున నిద్ర లేకపోతే వాడికి తల పోటు. నిన్న తినేటప్పుడు "తను ఎలా ఉందట?" అని అడిగాడు. "బాగానే ఉంది" అన్నాను. అంతే, అక్కడితో సరి.

నువ్వు ఫోను చెయ్యమంటావు కానీ, ఫోనులో నీతో మాట్లాడ్డం నావల్ల కాదు. వాడు స్పీకర్ పెడతాడు, పిల్ల మధ్యలో దూరి పాట పాడుతుంది, మనం ఏ మాటా తిన్నగా అనుకోలేం. ఉత్తరమైతే మనిద్దరి మధ్యే ఉంటుంది. పోస్టు డబ్బాలో వేసేది వాడే గనక కవరుకి అంగుళం వదలకుండా జిగురు పూస్తాను.

నీ శిక్షణ ఆగస్టుతో అయిపోతుంది కదా. వచ్చి ఇక్కడి గూడ్సు యార్డులో చేరతానన్నావు, ఆ మాట మీదే ఉన్నావుగా? నువ్వు ఎంపికైన రోజు గుర్తుందా? పెట్టె సర్దుకుని, తాళం వేసుకుని, అప్పుడు వాడికి చెప్పాం. గోడకేసి కాసేపు చూసి "సరే" అన్నాడు. ముందే చెప్పి ఉంటే ఏడాది ఆలోచించేవాడు. మీ మామయ్యతో కాపురం చేసి నేను నేర్చుకున్న విద్య అదొక్కటే. మగవాళ్ళకి పని అయ్యాక చెప్పాలి. కుట్టుమిషను ఇంటికి వచ్చాక చెప్పాను. వీణ్ణి మంచి బడిలో చేర్చాక చెప్పాను. ఆయన పోయేదాకా ఒక్కదానికీ నన్ను కాదనలేదు, కాదనడానికి ఏమీ మిగలనిచ్చేదాన్ని కాదుగా!

పొద్దున్నపూట నాకు కాస్త హడావిడిగా ఉంటోంది. కింది వాటా టీచరమ్మ సాయం చేస్తోంది, దిగులు పెట్టుకోకు. పాలు పొంగుతున్నట్టున్నాయి, ఉంటాను.

అత్తయ్య


జూన్ 14

అత్తయ్యా,

నన్ను చంపేసిన ఆయాకి నా నమస్కారాలు. ఇక్కడ నా పైఅధికారికి చూపించాను మీ ఉత్తరంలో ఆ ముక్క, నవ్వాడు. ఆయన నవ్వడం అదే మొదలు.

పైన ఎలా ఉంటుందో ఎప్పుడూ అడుగుతుంటారు కదా. మన వంటింట్లో సగం ఉంటుంది నా గది. చుట్టూ అద్దాలు, కాళ్ళ కింద కూడా అద్దమే. వంగి నా పాదాల మధ్యనుంచి చూస్తే అంత లోతున ఓడ, లారీలు, చీమల్లా మనుషులు. కిందనుంచి సిగ్నలాయన వాకీటాకీలో "ఎడమ, ఇంకొంచెం, దించు" అంటుంటాడు, నేను దించుతాను. పెద్దాయన, రిటైర్మెంటు దగ్గర పడింది. మొదటి నెల పని మాట తప్ప నాతో మాట్లాడలేదు. ఇప్పుడు "పాపా" అంటున్నాడు. వాకీటాకీ రేవంతా వినిపిస్తుంది కాబట్టి రేవంతా నన్ను పాపా అనే అంటోంది.

కష్టమైన పని ఎత్తడం కాదు, ఊగకుండా ఆపడం. లారీ అంత ఉండే సరుకుల ఇనప్పెట్టె కూడా గాలికి ఊగుతుంది. భయపడి వెనక్కి లాగితే ఇంకా ఊగుతుంది. అది ఎటు పోతే మనమూ అటే కాస్త వెళ్ళి, దాని పైకి చేరుకోవాలి. అప్పుడు ఆగుతుంది. చెప్పడం తేలికే, చేతులకి రావడానికి రెండు నెలలు పట్టింది నాకు.

ఒకసారి ఎక్కితే మధ్యాహ్నం దాకా దిగడం కుదరదు. మగవాళ్ళు ఖాళీ సీసా పట్టుకెళ్తారు. నేను నీళ్ళు తాగడం మానేశాను. తిట్టకండి.

అసలు విషయానికి వస్తాను. మొన్న ఆదివారం బుడంకాయ ఫోనులో, "నానమ్మ చీకట్లోనే వెళ్ళిపోతుంది, నేను టీచరమ్మ ఇంట్లో లేస్తున్నా" అంది. ఆయన్ని అడిగితే "ఏమో, నాకు తెలీదు" అన్నారు. అత్తయ్యా, ఎక్కడికి వెళ్తున్నారు? ఆస్పత్రికా? షుగరు మళ్ళీ పెరిగిందా? నాకు చెప్పకుండా పరీక్షలు చేయించుకుంటున్నారా? పైన కూర్చున్నంతసేపూ అదే బుర్రలో తిరుగుతోంది. ఏదైనా సరే రాసెయ్యండి.

నేను చెప్పాల్సిన సంగతి కూడా ఒకటుంది. తర్వాత చెబుతాను.

మీ కోడలు


జూన్ 22

అమ్మాయీ,

నీళ్ళు తాగడం మానేశావా? తెలివి ఉందా నీకు? కిడ్నీలు పాడైతే ఆ ఓడలు వచ్చి నిన్ను చూసుకుంటాయా? మగవాళ్ళకి సీసాలుంటే నీకు దిగడానికి టైము ఇమ్మని అడుగు. నోరు లేదా? మా ఇంట్లో ఉన్న నోరు ఏమైంది?

నాకు ఏ రోగమూ లేదు. షుగరు దాని మానాన అది ఉంది. పొద్దున్నే కాస్త గాలికి వెళ్తున్నాను, అంతే. నాలుగేళ్ళ పిల్లని పట్టుకుని నా మీద కూపీ లాగడం మాత్రం నాకు నచ్చలేదు. అది చెప్పే మాటలు నమ్మితే కింది వాటా పిల్లి కూడా బడికి వెళ్తోంది. నన్ను అడగాలనుకుంటే నన్నే అడుగు. అడిగావు, సరే. చెప్పాల్సినప్పుడు నేనే చెబుతాను.

బుడంకాయ మోకాలు గీసుకుంది, మానిపోయింది. గోడ మీద క్రేను బొమ్మ వేసింది, పొడుగాటి జిరాఫీలా ఉంది, మెడలో నువ్వు కూర్చున్నావు. సున్నం వేయించాలి, నా మనసొప్పడం లేదు.

నువ్వు చెప్పాల్సిన సంగతేంటి? "తర్వాత" అంటే నాకు ఇక అదే ధ్యాస. ఇంకో పిల్లో పిల్లాడో కాదు కదా?

అత్తయ్య


జూలై 2

అత్తయ్యా,

కాదు. ఎలా అవుతుంది, ఆయన అక్కడ, నేను ఇక్కడ.

గాలికి వెళ్తున్నానన్నారు. పిల్లని నిద్రలో దించేసి, చీకట్లో, రోజూనా? నేను చిన్నపిల్లని కాదు. నాకు అర్థమైంది. మీరు విసిగిపోయారు. ఆ మాట నాతో అనలేక ఆ వంకా ఈ వంకా చెబుతున్నారు. విసిగిపోతే తప్పు లేదు, అత్తయ్యా. నేనే మీ మీద వదిలేసి వచ్చాను. ఒక ఆయాని పెట్టుకుందాం, నేను ఏర్పాటు చేస్తాను. కానీ నాకు చెప్పకుండా నా కూతుర్ని రోజూ ఇంకొకరింట్లో పడుకోబెడితే నాకు ఇక్కడ ఊపిరాడదు.

సోమవారం ఇదే ఆలోచిస్తూ పెట్టె దించాను. గాలి ఎక్కువగా ఉంది. అంతా నేర్చుకుని కూడా వెనక్కి లాగాను. పెట్టె ఊగి లారీ అంచుకి తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. డ్రైవరు దూకేశాడు, అతని చెప్పులు అక్కడే ఉండిపోయాయి. పైఅధికారి అందరి ముందూ, "ఇంటి గొడవలు నిచ్చెన కింద పెట్టి ఎక్కమ్మా, ఆడవాళ్ళతో ఇదే చిక్కు" అన్నాడు. పోయిన నెల ఒకతను తాగి వచ్చి రెండు పెట్టెలు సొట్టలు పెట్టాడు. అతనితో మగవాళ్ళతో ఇదే చిక్కు అని ఎవరూ అనలేదు. నేను కూడా ఏమీ అనలేదు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

దయచేసి నిజం రాయండి.

మీ కోడలు


జూలై 9

అమ్మాయీ,

విసిగిపోయానా! ఎంత మాటన్నావే! నీ కూతురు పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది నేను. దాని దగ్గు విని అది ఏ గదిలో దగ్గిందో, ఎందుకు దగ్గిందో చెప్పగలను. విసుగట విసుగు. నాలుగు రోజులు నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని కోపం దిగాక రాద్దామనుకున్నాను. దిగలేదు, అయినా రాస్తున్నాను.

నిజం కావాలన్నావుగా, విను. నేను వ్యాను నడుపుతున్నాను.

అవును, నేనే. ఏప్రిల్లో నేర్చుకోవడం మొదలుపెట్టాను. మన సందు చివర బేకరీ ఉంది చూడు, ఆ బేకరీ ఆవిడ డ్రైవరు మానేశాడు. "నడపడం వచ్చినవాళ్ళు దొరకట్లేదు" అని ఆవిడ వాపోతుంటే, "వస్తే ఇస్తావా?" అన్నాను. నవ్వి, "ముందు రానివ్వండి" అంది. ఆ నవ్వు చూశాక నాకు నిద్ర పట్టలేదు. జనం లేని వేళ చూసి, పొద్దున్నే నేర్చుకునేదాన్ని. నేర్పే కుర్రవాడు మొదట్లో నా పక్కన కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. ఇప్పుడు "అమ్మగారూ, మెల్లిగా" అంటున్నాడు. లైసెన్సు మొదటిసారికే వచ్చింది. ఈ నెల ఒకటో తారీకునుంచి బ్రెడ్ల వ్యాను నాది.

ఎలా చెప్పను నీకు! అయిదింటికి వ్యాను వెనకంతా వేడి బ్రెడ్డు, ఆ వాసన నా మెడమీదకి కొడుతుంది. రోడ్డంతా ఖాళీ. ఆస్పత్రి క్యాంటీన్లో దింపుతాను, హాస్టల్లో దింపుతాను, కొట్లలో దింపుతాను. గేరు మార్చినప్పుడు వ్యాను నా మాట వింటుంది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఎవరు విన్నారు నా మాట ఒక్కసారి చెప్పగానే? తొమ్మిదిన్నరకి ఇంటికి వచ్చేస్తాను. అప్పటికి బుడంకాయ టీచరమ్మ దగ్గర పాలు తాగి ఆడుకుంటూ ఉంటుంది. నిద్రలో ఉన్న పిల్లని భుజాన వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, మావాడి మంచం పక్కనుంచి చప్పుడు కాకుండా నడిచి కిందకి దించుతాను. వాడి నిద్ర చెడకూడదు కదా.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటావా? చెబితే "మోకాళ్ళు, షుగరు, చూపు" అని లెక్కలు తీస్తావు. అందుకే అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. అయింది, చెప్పాను.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఆగస్టు ఆఖర్లో టీచరమ్మ కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది, మళ్ళీ రాదు. నువ్వు ఎలాగూ అప్పటికి వచ్చేస్తావు. యార్డులో నీ పని పది తర్వాతే అన్నావు. పొద్దున్న నువ్వు, తర్వాత నేను. వేలికి ఉంగరంలా సరిపోయింది కదూ!

అత్తయ్య

మళ్ళీ చెబుతున్నాను, నీళ్ళు తాగు.


జూలై 17

అత్తయ్యా,

మీ ఉత్తరం నిలబడే చదివాను, తర్వాత కూర్చున్నాను. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

నేను రావడం లేదు. ఇదే నేను చెప్పాల్సిన సంగతి. ఇక్కడే పర్మనెంటు చేశారు. శిక్షణలో ఉన్న అందరిలో ముగ్గురినే తీసుకున్నారు, అందులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. రెండేళ్ళు ఇక్కడే ఉంటానని జూన్ మొదట్లో సంతకం పెట్టాను. యార్డులో ఉన్నది చిన్న క్రేను, అత్తయ్యా. అది నడపడానికి ఇంత దూరం రానక్కర్లేదు. రెండేళ్ళు ఇక్కడ చేస్తే ఆ తర్వాత ఏ రేవైనా పిలిచి ఇస్తుంది. మీకు ముందే చెబితే మాట మీద ఉన్నావా లేదా అని నిలదీస్తారు. అందుకే అయ్యాక చెబుదామనుకున్నాను. మీ విద్యే.

కోపంగా ఉంది నాకు. మీ మీదా, నా మీదా. నెల రోజులు నేను ఏమేమో ఊహించుకుని చచ్చాను. మీరు నన్ను మామయ్యని చేశారు. పని అయిపోయాక చెప్పి, ఇక కాదనడానికి ఏమీ లేదన్నట్టు నిలబడ్డారు.

ఒక్కమాట అడుగుతాను. మీకు ఇప్పుడు ఈ వయసులో వ్యాను ఎందుకు? నాకైతే బతుకంతా ముందుంది. రెండేళ్ళే అడుగుతున్నాను. ఆ తర్వాత మీరు విమానం నడిపినా నేను అడ్డం రాను. మీరు పిల్లని చూసుకోకపోతే నేను ఇక్కడ ఒక్క వారం ఉండలేను.

మీ కోడలు


జూలై 24

అమ్మాయీ,

ఈ వయసులో ఎందుకు అన్నావు.

నువ్వు పెళ్ళయిన కొత్తలో క్రేను నేర్చుకుంటానంటే మీ అమ్మ ఫోను చేసి, "ఆడపిల్లకి ఇదెందుకు వదినగారూ, మీరైనా చెప్పండి" అంది. నేనేమన్నానో తెలుసా? "ఎందుకని అడిగేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, నేను కూడా ఎందుకు?" అన్నాను. నీకు చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప అనుకోలేదు అప్పుడు.

నీ బతుకంతా ముందుంది, నిజమే. నాది వెనకాల ఉంది. వెనక్కి తిరిగి చూస్తే ఏమున్నాయి? కడిగిన గిన్నెలు. మళ్ళీ కడిగిన గిన్నెలు. నాకు వ్యానులో కూర్చోవడం ఎందుకో నీకు తెలియకపోతే ఇంకెవరికి చెప్పను? అద్దాల గదిలో కూర్చున్నది ఈ ఇంట్లో నువ్వొక్కదానివే కదే.

సరే. నిన్న బేకరీ ఆవిడకి వ్యాను తాళం ఇచ్చేశాను. వచ్చే నెల పదిహేనో తారీకు దాకా చూస్తాను, ఈలోపు మనసు మారితే రండి అంది. మారదన్నాను. పిల్లని నేనే చూసుకుంటాను. నువ్వు నిశ్చింతగా పెట్టెలు దించుకో.

పొద్దున్న అయిదింటికి మెలకువ వచ్చేస్తోంది. లేచి ఏం చెయ్యాలో తెలియక గట్టు తుడిచాను. తుడిచిన గట్టే మళ్ళీ తుడిచాను.

అత్తయ్య


జూలై 30

అత్తయ్యా,

తాళం వెనక్కి తీసుకోండి. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు బేకరీకి వెళ్ళి తీసుకోండి. మిగతాది తర్వాత చదవచ్చు.

"ఈ వయసులో ఎందుకు" అని నేను అన్న మాట నాది కాదు. నాతో ఎన్నోసార్లు అన్నారు కాబట్టి నోటికి అలవాటై ఉంది, అవసరం రాగానే బయటికొచ్చింది. మిమ్మల్ని అన్నందుకు నాకు సిగ్గుగా ఉంది. ఇంతకన్నా ఎలా చెప్పాలో తెలీదు.

నిన్న గాలి మరీ ఎక్కువై పని ఆపేశారు. పైనే కూర్చుని గాలి తగ్గాలని చూస్తున్నాను. సిగ్నలాయన కాలక్షేపానికి వాకీటాకీలో, "ఏం పాపా, రెండు రోజులుగా గొంతు బాగోలేదు" అన్నాడు. ఎందుకో చెప్పేశాను. అత్తగారు వ్యాను మానేసింది, పొద్దున్నపూట పిల్లని చూసేవాళ్ళు లేరు, ఏం చెయ్యాలో తోచట్లేదు అన్నాను. "ఇంట్లో ఇంకెవరూ లేరా?" అన్నాడు. "ఎవరూ లేరండీ" అన్నాను. "మరి పిల్ల నాన్న?" అన్నాడు. "ఆయన నిద్రపోతుంటారు" అన్నాను.

అంతే. రేవు రేవంతా నవ్వింది, అత్తయ్యా! లారీ డ్రైవర్లు, ఓడ మీదివాళ్ళు, కాంటా దగ్గర కూర్చునేవాళ్ళు, అందరి వాకీటాకీల్లోంచి ఒకటే నవ్వు. నాకు ముందు ఒళ్ళు మండింది. తర్వాత నేను అన్నమాట నాకే వినిపించింది. "ఎవరూ లేరు" అన్నాను. ఆ ఇంట్లో ఆరడుగుల మనిషి మంచం మీద ఉన్నాడు. మీరు ఆ మంచం పక్కనుంచి, చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లని మోసుకుంటూ వెళ్ళారు. నేను ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను, నాకు ఆ మంచం కనపడనే లేదు.

ఆయన చెయ్యనని ఎప్పుడన్నారు? మనం ఎప్పుడు అడిగాం? మీరు నాకు, నేను మీకు ఉత్తరాలు రాసుకుని, జిగురు పూసి, ఆయన చేతికే ఇచ్చి పోస్టు చేయించుకుంటున్నాం.

అయ్యాక చెప్పడంలో ఒక సుఖం ఉంది, అత్తయ్యా. కాదనిపించుకోనక్కర్లేదు. నాకు ఆయన్ని అడగాలంటే భయం. కాదంటే ఆ తర్వాత ఆ మనిషితో ఎలా ఉండాలో నాకు తెలియదు. మీరు మామయ్యని ఒక్కసారి కూడా అడగకపోవడానికి కూడా అదేనేమో. కాదంటే తట్టుకోలేమని. కానీ ఇప్పుడు మిగిలింది అడగడమే. ఈ ఆదివారం ఫోను చేస్తాను. స్పీకర్ పెట్టనివ్వండి. మీరూ గదిలో ఉండండి, వంటింట్లోకి పారిపోకండి.

దిగడానికి మధ్యలో టైము ఇవ్వమని పైఅధికారిని అడిగాను. ముందు వినపడనట్టు పోయాడు. రెండోరోజు మళ్ళీ అడిగాను. ఇచ్చాడు. ఇప్పుడు నీళ్ళు తాగుతున్నాను.

మీ కోడలు


ఆగస్టు 9

అమ్మాయీ,

ఆదివారం నువ్వు ఫోను పెట్టేశాక ఏం జరిగిందో నీకు తెలియాలి కదా. నువ్వు "పొద్దున్నపూట పాపని మీరు చూస్తారా? ఆలోచించుకుని చెప్పండి" అని పెట్టేశావు.  వాడు ఫోను బల్ల మీద పెట్టి గోడకేసి చూశాడు, జిరాఫీ క్రేను వైపు. నేను ఎప్పటిలాగే వంటింట్లోకి పోబోయాను. "కూర్చో అమ్మా" అన్నాడు.

"ఒకరోజు మెలకువ వచ్చింది నాకు" అన్నాడు. "పాప మంచం ఖాళీగా ఉంది. నువ్వు పాపని ఎత్తుకుని, చెప్పులు పట్టుకుని గుమ్మం దాటుతున్నావు. ఎక్కడికని అడుగుదామనుకున్నాను. అడిగినా చెప్పవు కదాని మళ్ళీ పడుకున్నాను. తర్వాత టీచరమ్మ చెప్పింది. మా అమ్మ వ్యాను నడుపుతోందని టీచరమ్మ చెబితే తెలిసింది నాకు. నా పెళ్ళాం ఊరెళ్తోందని పెట్టెకి తాళం పడ్డాక తెలిసింది. ఈ ఇంట్లో నేనేంటమ్మా, అద్దెకున్నవాణ్ణా?"

అమ్మాయీ, అప్పుడు కూర్చున్నాను.  "నిన్ను కష్టపెట్టకూడదని" అన్నాను. "నేను కాదంటానని" అన్నాడు వాడు. అదీ నిజమే. "కాదని ఉంటే ఏం చేసేదానివి?" అని అడిగాడు. తెలియదన్నాను. నాకు నిజంగా తెలియదు. ఈ వయసు దాకా వచ్చి, కాదన్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో నేర్చుకోలేదు నేను.

వాడు అవునూ అనలేదు, కాదూ అనలేదు. చొక్కా వేసుకుని బయటికి పోయాడు. అన్నం వేళకి వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. నాకు ఉండబట్టలేదు. బేకరీ ఆవిడ దగ్గరికి పోయి తాళం తెచ్చుకున్నాను. ఏ ధైర్యంతో తెచ్చుకున్నానో అడగకు.

సోమవారం అయిదు కాకముందే వాడి మంచం దగ్గర నిలబడ్డాను. పిల్ల నిద్రపోతోంది. అలవాటుగా దాన్ని ఎత్తుకోబోయాను, చేతులు అటే పోతున్నాయి. ఆపుకున్నాను. పుట్టినప్పటినుంచీ నేను వాణ్ణి నిద్రలేపలేదు తెలుసా, పరీక్షలప్పుడు కూడా కాళ్ళు మెల్లిగా నిమిరేదాన్ని, అంతే. భుజం పట్టి కుదిపాను. "ఒరేయ్, నేను పనికి వెళ్తున్నాను. పిల్లని చూస్తావా?" అన్నాను. అడిగాను, అమ్మాయీ.  కళ్ళు తెరవకుండా "ఊఁ" అన్నాడు. అది అవునో, నిద్రో!

ఇక ఆ రోజు డ్రైవింగు సంగతి చెప్పనక్కర్లేదు. ఆస్పత్రికి ఇవ్వాల్సిన బ్రెడ్డు హాస్టల్లో దింపాను, మళ్ళీ వెనక్కి పోయాను. పిల్ల లేచి ఏడుస్తుందేమో, వాడు లేవకుండా తలుపు తీసుకుని రోడ్డు మీదకి వస్తుందేమో, అదే ఆలోచన. రెండుసార్లు ఇంటివైపు తిప్పబోయాను. నువ్వు చెప్పావే, వెనక్కి లాగితే ఇంకా ఊగుతుందని. పళ్ళు బిగించి ముందుకి పోనిచ్చాను.

తొమ్మిదిన్నరకి వచ్చేసరికి ఇంట్లో మాడు వాసన. గిన్నె అడుగంటి తొట్టిలో నానుతోంది. బుడంకాయ గుమ్మంలో నిలబడి ఉంది, బడికి తయారై. గౌను వెనకది ముందుకి వేసి ఉంది. జడలు రెండున్నాయి, ఒకటి చెవి మీద, ఒకటి నడినెత్తిన. రిబ్బనుకి ఆరు ముళ్ళు పడ్డాయి. "నాన్న వేశాడు, నొప్పెట్టలేదు" అంది. వాడు పక్కన చెమటలు కక్కుతూ, చేతిలో దువ్వెనతో నిలబడి, నా మొహంకేసి చూస్తున్నాడు.

దువ్వెన లాక్కుందామని చెయ్యి చాపాను. నిజం చెబుతున్నాను, చాపాను. వాడు ఇచ్చేసేవాడే, "నావల్ల కాదమ్మా" అని పోయి పడుకునేవాడే. మళ్ళీ మామూలే అయిపోయేది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "బావుంది" అన్నాను. అది అలాగే బడికి వెళ్ళింది. ఆయా చూసి నా వైపు తిరిగి మళ్ళీ జాలి పడింది, పడనీ.

మంగళవారం లేచాడు. బుధవారం రెండుసార్లు కుదిపితే గానీ లేవలేదు, ఆ రోజంతా మొహం మాడ్చుకునే ఉన్నాడు. ఇవాళ తలపోటన్నాడు. రేపు ఏమంటాడో తెలియదు. టీచరమ్మ వెళ్ళిపోయాక ఏమవుతుందో అంతకంటే తెలియదు. నేను రేపు కూడా అడుగుతాను. నేను రేపు కూడా వెళ్తాను. నువ్వు నీ రెండేళ్ళూ అక్కడే ఉండు.

ఇంకో విషయం. ఈ కవరుకి జిగురు పూయలేదు. షాపుకెళ్తూ పోస్టులో వెయ్యమని తెరిచే ఇస్తున్నాను. చదువుకుంటే చదువుకోమంటాను. 

అత్తయ్య


చదివాను. పాలు మాడలేదు, పొంగి అడుగంటాయంతే. అమ్మ ఎక్కువ చేసి రాసింది.

రిబ్బను ఆరు ముళ్ళు లేకుండా ఎలా కట్టాలో నాకు రావట్లేదు. అమ్మని అడిగితే తనే కట్టేస్తుంది. అందుకని నిన్ను అడుగుతున్నాను. ఆదివారం చెప్పు.